కుడితిలో కలిసిన పిండి

నా చిన్నప్పుడు, మా బర్రె చూడి కట్టిన ఏడే మా చిన్నమ్మ కూడా నీళ్ళోసుకుంది. చిన్నమ్మంటే మా చిన్నాన్న భార్య. మాది జూలూరుపాడు పక్కన పల్లె. ఆ ఏడు మిరపతోట విరగకాసింది.

బర్రెకు మా నాయనమ్మ చేసే సేవ చూసి తీరాల్సిందే. తవుడు, తెలగపిండి, పచ్చగడ్డి, ఎండ తగలకుండా కొట్టం. చిన్నమ్మకు మాత్రం అర్ధాకలి. కడుపులో బిడ్డ పెరిగితే కాన్పు కష్టమని మా వైపు పెద్దవాళ్ళ నమ్మకం. అందుకని నాయనమ్మ మారు అన్నం పెట్టేది కాదు. చిన్నమ్మ పొద్దంతా కాయలు ఏరి, మూట నెత్తిన పెట్టుకుని ఇల్లు చేరేది. కడుపుతో ఉన్నవాళ్ళకని అంగన్‌వాడీలో ఇచ్చే పిండిని నాయనమ్మే పోయి తెచ్చేది. తెచ్చి కుడితిలో కలిపి బర్రెకు పెట్టేది. ఆ పిండి మనుషులకు వేడి చేస్తుందట!

ఒకనాడు అంగన్‌వాడీ టీచరమ్మ ఇంటికొచ్చింది. చిన్నమ్మ ఉబ్బిన పాదాలు చూసింది, కుడితి తొట్టి చూసింది. పోట్లాడుతుందనుకున్నాను. ఆమె తాపీగా బర్రె వీపు నిమిరింది.

"పెద్దమ్మా, దీనికి మేత తగ్గియ్యరాదు? దూడ పెద్దగైతే ఈనుడు కష్టమైతది. జర మూటలు గిట్ల మోపియ్యి, అల్కగ ఈనుతది."

నాయనమ్మ భగ్గుమంది. "పిచ్చి లేసిందా నీకు? చూడి బర్రెను మాడుస్తరా? దూడ నెలలు నిండకముందే పడిపోదూ?"

"మరి నీ కోడలో?"

నాయనమ్మ దొరికిపోయిందని నాకు ఎంత సంబరమో! ఇక చిన్నమ్మకు కడుపునిండా పెడుతుందనుకున్నాను. నాయనమ్మ తడబడలేదు. కుడితి కలుపుతూనే అంది:

"బర్రె పోతే మళ్ళ యాడికెళ్ళి తెస్తం?"

వాకిట్లో కాయలు ఆరబోస్తున్న చిన్నమ్మ ఆ మాట విన్నది. ఆమె చెయ్యి ఆగలేదు. రోజూ సెంటరుకొచ్చి తన ముందే తినిపొమ్మని టీచరమ్మ బతిమాలింది. తోట ఎవరు ఏరతారని నాయనమ్మ పంపలేదు.

నెలలు నిండకుండానే, మిరపతోటలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. నా రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. ఏడవడానికి కూడా ఊపిరి చాలలేదు. పొద్దుగూకకముందే పోయింది.

ఆ వారంలోనే బర్రె ఈనింది. దూడ గంతులే గంతులు. నాయనమ్మ జున్ను వండి ఇరుగుపొరుగుకు పంచి, చిన్నమ్మకూ ఒక గిన్నె ఇచ్చింది. తాగే బిడ్డ లేక చిన్నమ్మ రవిక పాలతో తడిసి ఉంది. ఆమె లేచి వెళ్ళి, ఆ గిన్నెను కుడితి తొట్టిలో బోర్లించింది.

పాపం, తెలియక చేశారని ఎవరన్నా అంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా నాయనమ్మకు అంతా తెలుసు. అందుకే మా వీధిలో ఏ కోడలు కడుపుతో ఉన్నా, వండినది ఆమె అత్త చేతికి ఇవ్వను. ఆ పిల్లనే పిలిచి, పీట వేసి, ఆఖరి ముద్ద గొంతు దిగేదాకా ఎదురుగా కూర్చుంటాను.