మూడు కొర్రమీన్ల పుణ్యం

ఆ రోజుల్లో నాకు ఏ పనైనా కొంచెంగా చేయడం చేతనయ్యేది కాదు. దేనిమీదా ఆసక్తి లేకపోవడం కొందరికి జబ్బయితే, నాకు ఆసక్తి ఉండటమే జబ్బు. యోగా మొదలుపెట్టిన రోజే శీర్షాసనం వేసి గోడగడియారం పగలగొట్టాను. ఈత నేర్చుకుందామని నీళ్ళ ముఖం చూడకముందే కళ్ళద్దాలు, టోపీ కొనేశాను (ఆ టోపీ ఇప్పుడు మా మిక్సీకి ముసుగు). అలాంటి నాకు ఇరవై రెండో ఏట, సౌకార్‌పేటలో ఓ చీరల హోల్‌సేల్ అంగట్లో బిల్లులు కొడుతుండగా బౌద్ధం దొరికింది. పాపం బౌద్ధానికే నేను దొరికానని మా అవ్వ అభిప్రాయం.

పెరంబూరులో మా రైల్వే క్వార్టర్సుకు కొంచెం దూరంలో, టైలరు కొట్టు మేడమీద చిన్న ధ్యానం హాలు ఉండేది. నడిపేది వర్క్‌షాపులో వెల్డరుగా రిటైరైన పెద్దాయన. పేరేమిటో మాకెవరికీ తెలియదు, అందరికీ వెల్డింగ్ తాత. మొదటిరోజే ఆయన, "మంచి పని చేసేటప్పుడు మనసుకు సంతోషం వస్తాది చూడు, దాన్నే ఉత్సాహమంటారు. అది లేకుండా ధ్యానానికి కూర్చుంటే కునుకు పడతాది, అంతే" అన్నాడు. నాకు ఒళ్ళు పులకరించింది. నా జబ్బును సద్గుణాల్లో చేర్చిన మొదటి మనిషి ఆయనే! "అయితే నేనేం చేయాలి తాతా?" అన్నాను ఆత్రంగా. "పొద్దున అయిదున్నరకు వచ్చి చాపలు పరువు. అయినాక చుట్టి పెట్టు. ఇప్పటికి ఆడికి చాలు." నాకు ఉసూరుమనిపించింది. బుద్ధుడు రాజ్యం వదిలి వెళ్ళింది చాపలు చుట్టడానికా?

రెండు రోజులు చాపలు పరిచి, మిగిలిన ఉత్సాహమంతా ఇంట్లో చూపించాను. ప్రాణిహింస కూడదని దోమల కాయిల్ పారేశాను. బొద్దింకను కాగితంమీద ఎక్కించుకుని వీధి చివరిదాకా మర్యాదగా సాగనంపాను (నాకన్నా ముందే అది ఇంటికి చేరింది). మూడో రోజుకు అవ్వ చేతులు గోక్కుంటూ, "నీ పుణ్యానికి నా రక్తమేమిటికే? నీదే ధారపొయ్యి!" అంది. నాయన మాత్రం చల్లగా ఒక్క మాటన్నాడు: "ఈ ఇంట్లో ఇంకొక్క కూత్తు, ఇట్లాంటి నాటకం జరిగిందనుకో, నువ్వు హాలుకు పోయేది ఆడికి సరి." నమ్మండి, ఆ హాలులో కూర్చునే అరగంటే రోజు మొత్తంలో నా బుర్ర నోరు మూసుకునే సమయం. అది పోతే నేను బతకలేననిపించింది.

అందుకని బుద్ధిగా ఉండాల్సింది. కాని ఆదివారంనాడు పున్నమి వచ్చింది. కొన్ని బౌద్ధ దేశాల్లో పున్నమికి చేపలు కొని నీళ్ళలో వదులుతారని ఫోన్‌లో చదివాను. ఇంకేముంది! స్నానాల బకెట్టు పట్టుకుని రైలెక్కి, చింతాద్రిపేట చేపల మార్కెట్టుకు వెళ్ళి, ప్రాణంతో ఎగిరిపడుతున్న కొర్రమీన్లు మూడు కొన్నాను. చేపలమ్మే ఆవిడ కత్తిపీట ముందుకు లాక్కుంది. "కొయ్యొద్దక్కా, వదిలేస్తాను" అన్నాను. "ఎక్కడ?" అంది. పక్కనే ఉన్న కూవం నదివైపు ఠీవిగా చెయ్యి చూపించాను. ఆవిడ ఆ నల్లటి నీళ్ళను చూసింది, చేపలను చూసింది, నన్ను చూసింది. "అందులో వదిలేదానికి నన్నే కొయ్యనియ్యమ్మా. పాపం, దానికి అదే మేలు" అంది తమిళంలో. (కూవం కంపు రైలు దిగకముందే పలకరిస్తుంది. ఉత్సాహంలో ముక్కు పనిచెయ్యదు కాబోలు.)

చేసేదిలేక మూడింటినీ ఇంటికి తెచ్చి, మంచి చోటు దొరికేదాకా అని బాత్‌రూములో నీలం డ్రమ్ములోకి వదిలి మూత పెట్టాను. ఆదివారం నాయన తలంటుకునే రోజని గుర్తే రాలేదు.

సీకాయ మంటకు కళ్ళు మూసుకుని నాయన డ్రమ్ములో చెంబు ముంచాడు. "పాము! డ్రమ్ములో పాము!" ఒంటిమీద తువ్వాలు, తలమీద సీకాయతో ఆయన వరండాలోకి దూకితే, క్వార్టర్సు క్వార్టర్సంతా కర్రలు పట్టుకుని వచ్చింది. అవ్వ ఒక్కతే తొణక్కుండా లోపలికెళ్ళి చూసి, ముఖం చాటంత చేసుకుని తిరిగొచ్చింది. "పామేందిరా, కొర్రమీన్లు! ఉండు, చింతపండు నానేస్తా." నాయన నావైపు చూశాడు. ఆ చూపులోనే హాలు తలుపులు మూసుకున్నాయి.

ఒక్క పరుగున హాలుకు వెళ్ళాను. పున్నమి ధ్యానం అప్పుడే అయినట్టుంది, తాత ఒక్కడే చాపలు చుడుతున్నాడు (నేను చుట్టాల్సినవి). ఏడుస్తూ అంతా చెప్పాను. ఆయన చివరి చాప చుట్టి మూల నిలబెట్టి, సైకిలు తీశాడు.

ఆయనను చూడగానే నాయన తువ్వాలుతోనే బిగుసుకుని నిలబడ్డాడు. "అన్నా, మీరా!" నాయనకు వర్క్‌షాపులో పని నేర్పింది ఆయనేనట! తాత తాపీగా డ్రమ్ములోకి తొంగిచూసి, "అచ్చం నీ బిడ్డేరా. పనిలో చేరిన వారమే నువ్వేం చేసినావో చెప్పేదా?" అన్నాడు. "అన్నా, వద్దన్నా" అన్నాడు నాయన. "చెప్పు, చెప్పు" అంది అవ్వ. "నా కుర్చీ కాలు ఊగతా ఉండాదని, నన్ను అడక్కుండానే వెల్డు పెట్టినాడు. కుర్చీ పోయి బల్లకు అతుక్కునింది. రిటైరయ్యేదాకా దాన్ని వెనక్కి జరపలేకపోయినా."

మధ్యాహ్నానికి నాయన స్కూటరుమీద, నేను వెనక బకెట్టు పట్టుకుని, రెట్టేరి చెరువుకు బయల్దేరాం. (అవ్వ నానబెట్టిన చింతపండు చారైపోయింది.) రెండు చేపలు చటుక్కున జారిపోయాయి. మూడోది ఒడ్డునే బద్ధకంగా నిలబడింది. నాయన మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి, "పోవే తల్లీ, పో! అవ్వ వస్తాది!" అని అరిచాడు. అది తోక ఝాడించి ఆయన ముఖాన నీళ్ళు కొట్టి మాయమైంది. నాయన అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. బట్టలు పిండుకుంటూ, "ఇంకేమన్నా ఉండాయా వదిలేదానికి?" అన్నాడు. తరవాత, స్కూటరు స్టార్ట్ చేస్తూ ముఖం అటు తిప్పుకుని, "రేపు అయిదున్నరకు లేస్తావా, నేను లేపాల్నా?" అన్నాడు.

తాత పోయాక హాలు తాళంచెవి నా దగ్గరికే వచ్చింది. దోమల కాయిల్ వెలిగిస్తున్నాను (అవి నన్ను క్షమించుగాక). అప్పుడప్పుడూ మెరిసే కళ్ళతో ఎవరో ఒక అమ్మాయి వచ్చి, "అక్కా, నేనేం చేయాలి?" అంటుంది. చాపలు పరవమంటాను. ముఖం వాడిపోతుంది. నేను అటు తిరిగి నవ్వుకుంటాను కాని, నిజం చెప్పొద్దూ, బకెట్టుతో రైలెక్కిన ఆ పిల్లంటే నాకిప్పటికీ అసూయే. రోజూ వేళకు లేవడం వచ్చింది గాని, ముక్కు పనిచెయ్యనంత సంతోషం మళ్ళీ రాలేదు. నాయన మాత్రం ఇవాళ్టికీ చెంబు ముంచే ముందు డ్రమ్మును రెండుసార్లు తట్టి, ఒక్క క్షణం ఆగుతాడు. లోపల ఎవరూ లేరని తెలిసి కొంచెం నిరాశపడతాడని నా అనుమానం.