పదో మనిషి కోసం

మా కింది ఇంటి అంకుల్ మంగళవారం తెల్లవారకముందే పోయారు. ఫోన్ చేసి చెప్పింది వాళ్ళబ్బాయి. యూదుల ఆచారం ప్రకారం మర్నాడే ఖననం చేశారు. మెట్ల మీద ఎవరైనా దగ్గితే ఆయనే అనుకుని ఇప్పటికీ తలుపు తీస్తున్నాను.

న్యూయార్క్‌లో మా వీధి చివర, లాండ్రీకీ ఫోన్లు బాగుచేసే షాపుకీ మధ్య ఇరుక్కుని చిన్న ప్రార్థనామందిరం ఉంది. గ్రీస్‌లోని ఏదో కొండ ఊరి నుంచి ఓడల్లో వచ్చిన యూదు కుటుంబాలవాళ్ళు చందాలు వేసుకుని కట్టుకున్నారు. ఒకప్పుడు పండగరోజున నిలబడటానికి కూడా చోటుండేది కాదట. పిల్లలు చదువుకుని తలో సబర్బ్‌కీ వెళ్ళిపోయారు. తాళంచెవి అంకుల్ దగ్గర మిగిలిపోయింది.

పదిమంది మగవాళ్ళు చేరితే తప్ప అక్కడ కొన్ని ప్రార్థనలు జరగవు. పోయినవాళ్ళ కోసం కొడుకు చదివే ప్రార్థన కూడా అంతే. నా ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఒక పొద్దున అంకుల్ మందిరం గుమ్మంలో నిలబడి వీధంతా వెతుకుతూ కనిపించారు. తొమ్మిదిమందే వచ్చారట.

"నేనున్నాగా అంకుల్, నన్ను కౌంట్ చేసుకోండి," అన్నాను, ఆఫీస్ మీటింగ్‌కి ఒకరు తక్కువైనట్టు.

ఆయన పడీపడీ నవ్వారు. "నువ్వు యూదువీ కావు, మగాడివీ కావు. కానీ నీ గొంతు పెద్దది. వీధిలో నిలబడి అడుగు."

అలా నాకు ఆ కొలువు దొరికింది. దారిన పోయేవాళ్ళను ఆపి "మీరు యూదులా?" అని అడగాలి. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయాను. కొందరు తిట్టారు కూడా. కానీ ఆ అరగంటా వీసా బెంగ గుర్తొచ్చేది కాదు. తర్వాత వేరే ఉద్యోగం దొరికినా, ఇంటి నుంచే పని కాబట్టి ఈ కొలువు వదల్లేదు.

మనుషులను అంకెలతో లెక్కపెట్టకూడదని వాళ్ళ నమ్మకం. అంకుల్ "ఒకటి కాదు, రెండు కాదు" అని గొణుక్కునేవారు. మా తాతయ్య ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా "లాభం" అనేవాడని చెబితే ఎంత మురిసిపోయారో! మర్నాటి నుంచి మొదటి మనిషి లోపలికి రాగానే నా వైపు చూసి "లాబం!" అనేవారు.

పదోవాడు దొరకని రోజుల్లో, అందరూ వెళ్ళాక కూడా ఆయన కూర్చునేవారు. రంగుటద్దాల వెలుగు ఖాళీ బెంచీల మీద మెల్లగా జరుగుతూ ఉండేది. పై వరండా ఆడవాళ్ళది, అదీ ఖాళీయే. "మా అమ్మ అక్కడే కూర్చుంది చూడు, పక్కావిడతో కబుర్లు," అనేవారు. నేనూ తలెత్తి చూసేదాన్ని. నిజం చెప్పొద్దూ, ఒక్కోసారి గుసగుసలు వినిపించినట్టే ఉండేది. "వచ్చినవాళ్ళంతా లెక్కలోకి రారు. అయినా వచ్చారు కదా," అనేవారు అంకుల్. ఆ మాట నా గురించి కూడా అని చాలా ఆలస్యంగా అర్థమైంది.

గురువారం పొద్దున కొడుకు తండ్రి కోసం చదవడానికి మందిరానికి వచ్చాడు. అతనితో కలిపి తొమ్మిదిమందే. ఎంతసేపు చూసినా ఇంకెవరూ రాలేదు.

"అందరి కోసం నాన్నే వెతికేవాడు. ఆయనకి దొరక్కపోతే ఎలా?" అన్నాడు.

నేను వీధిలోకి పరిగెత్తాను. సిగ్గు లేదు, ఏడుపొక్కటే ఉంది. కనిపించిన ప్రతి మగాణ్ణీ అడిగాను. లాండ్రీ ముందు మూటలు దించుతున్న నెరిసిన గడ్డం ట్రక్ డ్రైవర్ ఆగి, "మా అమ్మ యూదురాలే. నాకు మాత్రం ఒక్క ముక్క చదవడం రాదు," అన్నాడు.

"అమ్మ యూదైతే చాలు. మీరు ఆమెన్ అనండి, ప్లీజ్."

"ట్రక్ రోడ్డు మధ్యలో ఉంది మేడమ్!"

"నేను చూసుకుంటాను, వెళ్ళండి!"

గుమ్మంలో అతను బేస్‌బాల్ టోపీ తీయబోయాడు. "వద్దు, ఇక్కడ తల మీద ఉండాలి," అని లోపలికి తోశాను.

కార్లు హారన్లతో మోతెక్కిస్తున్నాయి. నేను ట్రక్ వెనక నిలబడి వచ్చే ప్రతి కారుకీ దణ్ణం పెడుతున్నాను. తెరిచిన తలుపులోంచి కొడుకు చదువుతున్న గొంతు బయటికి వచ్చింది. దాని వెంటే మిగతా గొంతులన్నీ "ఆమెన్" అన్నాయి, ఒక్కటి మాత్రం కొంచెం ఆలస్యంగా.