బాపట్ల సీలింగులో మూడో అతుకు

తెనాలి నుంచి రేపల్లె దాకా ఉన్న జిప్సమ్ బోర్డు సీలింగులన్నిటికీ అతుకులు మూసింది నేనే. అన్నిటికీ అంటే, ఓ పన్నెండింటికి. కొలకలూరులో ఒకటి నీరు కారి ఊడిపడింది కాబట్టి పదకొండనుకోండి. రెండు బోర్డుల మధ్య సందులో కాగితం టేపు వేసి, పుట్టీ రుద్ది, అక్కడ సందున్నట్టే తెలియకుండా చెయ్యాలి. అదీ నా పని.

కిందటేడు నా మేనకోడలు ఓ మిషను తెచ్చింది. భుజమెత్తు గొట్టం. లోపల పుట్టీ నింపి, చివరనున్న చక్రాలను సందు వెంట దొర్లిస్తే టేపూ పుట్టీ కలిసి అతుక్కుంటూ పోతాయి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. ఇప్పుడు పనులు ఒప్పుకునేది ఆమె, వెంట వెళ్ళేది నేను.

"చెయ్యి తగలని పనీ ఒక పనేనా?" అన్నాను.

"నువ్వు పట్టుకుంటే తగిలినట్టే కదా మావయ్యా."

నేను దాన్ని ముట్టుకోలేదు. నాణ్యత కోసమని అందరికీ చెప్పాను. అసలు సంగతేమిటంటే, ఏడాదిగా నా కుడిచెయ్యి భుజం దాటి లేవడం లేదు. మిషను పట్టుకుంటే ఆ సంగతి ఒప్పుకున్నట్టే. ఇక ఇంట్లో కూర్చోమంటారని నా భయం.

బాపట్లలో ఒక ప్రార్థన మందిరం పని వచ్చింది. హాలు సీలింగులో సగం నేను ఎత్తుబల్ల ఎక్కి, ఎలాగోలా చేత్తో చేశాను, సగం ఆమె మిషనుతో చేసింది. పుట్టీ ఆరాక పాస్టరుగారు నిచ్చెనెక్కి, ఫోను టార్చిని సీలింగుకు ఆనించి వేశారు. వెలుతురు అలా పక్కవాటుగా పడితే సీలింగు ఏదీ దాచుకోలేదు. నా వైపు మూడో అతుకు వానపాములా ఉబ్బి ఉంది.

"ఇదేంటండీ?"

"మిషను పనండి" అన్నాను. చెయ్యి లేవకపోయినా నాకు నోరు చురుగ్గానే లేస్తుంది.

ఆయన మేనకోడలి వైపు తిరిగారు. "వరండా కూడా దీంతోనే చేస్తానన్నావు కదమ్మా. వద్దులే. పెద్దాయన చేత చేయించు."

ఆమె నా మొహంలోకి చూసింది. "అలాగేనండి" అంది.

నన్ను ఒక్క మాట అన్నా వాదించి ఉండేవాణ్ణి. ఆమె బకెట్టులో నీళ్ళు తెచ్చుకుని గొట్టం కడగడం మొదలుపెట్టింది. నేను వరండా పైకి చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెరుచుకున్న సందులే. హాలుతోనే అలిసిపోయిన ఈ చేత్తో ఇక ఒక్కటి కూడా పూర్తికాదు.

గేటు దాకా వెళ్ళిన పాస్టరుగారిని వెనక్కి పిలిచాను. "అది నాదండి. చెయ్యి లేవడం లేదు. ఆమె చేసింది అటువైపు, చూసుకోండి."

ఆయన మళ్ళీ నిచ్చెనెక్కి, అటువైపు చాలాసేపు వెతికారు. ఏమీ దొరకలేదు.

"మరి ఇందాక?"

"అబద్ధం చెప్పానండి."

"ప్రార్థన మందిరంలోనా?"

"ఇంకా రంగులన్నా వెయ్యలేదు కదండీ."

ఆయన నవ్వు ఆపుకోలేక కిందికి దిగిపోయారు. మేనకోడలు మాత్రం నవ్వలేదు. గొట్టం మళ్ళీ నింపి నా చేతుల్లో పెట్టింది. బరువుగానే ఉంది గానీ, చేతులు ఛాతీ దగ్గరే ఉంచి, చక్రాలను పైకి ఆనించవచ్చు. నేల మీద నిలబడే వరండా పొడవునా నడిచాను. టేపు వంకర పోయింది.

"ఎవరూ తరమడం లేదు, మెల్లగా నడువు" అంది.

పీకేసి మళ్ళీ నడిచాను. ఈసారి తిన్నగా వచ్చింది. ఇక ఇంటికి వెళ్ళమంటుందేమోనని చూస్తున్నాను.

"ఇవాళ ఆ మూడోది గీకేసెయ్. సోమవారం రేపల్లెలో పని. ఏ బస్సుకొస్తావ్?"