గిటారులో లేని స్వరం

బజారులో అందరూ ఆమెను కర్టెన్లక్క అనేవారు. కిటికీ కొలత చెబితే చాలు, గుడ్డ ఎంత పడుతుందో నోటిలెక్కతోనే చెప్పేసేది. చేతులు గుడ్డ మీద ఉన్నా, చెవులు మాత్రం ఎప్పుడూ మరెక్కడో ఉండేవి.

పెళ్లయిన కొత్తలో ఆమె భర్త హోటల్లో గిటారు వాయించేవాడు. ఇంటికొచ్చాక ఆమె కోసం మాత్రం తను కట్టిన పాటొకటి మీటేవాడు. ఆ పాట ఏ కాగితం మీదా లేదు, ఆయన వేళ్లలోనే ఉండేది. ఇప్పుడు ఆ ఎడమచేతికి చొక్కా బొత్తాం కూడా లొంగడం లేదు. మిగిలిందల్లా అప్పట్లో స్నేహితుడి గదిలో ఆ పాట నింపిన క్యాసెట్టు. తిప్పిన కొద్దీ అదీ అరుగుతోంది.

అది మూగబోయేలోగా పాటను రాసుకోవాలి, నేర్చుకుని ఆయనకు వినిపించాలి. అదే ఆమె పట్టుదల.

కింది వాటాలో గిటారు నేర్పే మాస్టారు దారి చూపాడు. ఆరు తీగలకు ఆరు గీతలు. ఏ తీగ మీద ఎన్నో మెట్టు నొక్కాలో, ఆ గీత మీద ఆ అంకె.

"వినండి, ఆపండి, నోటితో పాడండి. నోటికొచ్చాకే తీగ మీద వెతకండి," అన్నాడు.

మొదట్లో పాటంతా ఒకే ముద్దలా వినిపించేది. రానురాను నేతలోంచి పోగు లాగినట్టు ఒక్కో స్వరం విడివడి వచ్చింది. కూనిరాగాలు మిషను చప్పుడులో కలిసిపోయేవి.

"దాన్నింక వదిలెయ్యరాదూ? కుట్టాల్సిన కర్టెన్లు లేవా నీకు?" అనేవాడు ఆయన, కిటికీ వైపు తిరిగి.

"ఉన్నాయి. మీ మొహానికి కూడా ఒకటి కుడతా, ఆ చిరాకు కనబడకుండా."

ఆయన నవ్వలేదు.

రాసుకున్నంతలో అన్నీ దొరికాయి, అడుగున మోగే ఒక్క స్వరం తప్ప. లావు తీగను ఏ మెట్టూ నొక్కకుండా మీటినా, పాటలోని స్వరం దానికంటే కిందే ఉంది.

"అక్కా, అది గిటారులోనే లేదు," అని నవ్వాడు మాస్టారు. "మిషను మోత మీ చెవిలో కాపురం పెట్టినట్టుంది."

ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. క్యాసెట్టు నెమ్మదిగా తిరుగుతోందేమో అనుకుంటే, మిగతా స్వరాలన్నీ సరిగ్గా సరిపోతున్నాయి. తప్పు తన చెవిదేనా? అక్కడికే మళ్లీ మళ్లీ తిప్పింది. ఓ మధ్యాహ్నం టేపు చక్రానికి చుట్టుకుపోయింది. నలిగిన ముక్కను కర్టెన్ల కత్తెరతోనే కోసేసి, రెండు కొసలూ అతికించింది. పాటలో ఇంకా రాసుకోని ఒక చరణం శాశ్వతంగా పోయింది.

అతుకు నిలుస్తుందో లేదోనని క్యాసెట్టును మొట్టమొదటి నుంచి పెట్టింది. ఇన్నాళ్లూ అక్కడి దగ్గులూ కుర్చీ చప్పుళ్లూ పాట కాదు కదా అని దాటేసేది. ఇప్పుడు అందులో గిటారు తీగను బిగించే బిరడా కిర్రుమంది. తీగ మూలుగుతూ కిందికి దిగింది. తర్వాత స్నేహితుడి గొంతు.

"ఆ లావు తీగను ఎందుకురా దించేస్తున్నావ్?"

"చిటికెనవేలు మాట వినట్లేదురా. దించితే నొక్కే పనుండదు, ఊరికే మీటొచ్చు."

"ఇంట్లో చెప్పావా?"

"చెబితే బెంగెట్టుకుంటుంది. నువ్వు ముందు రికార్డు నొక్కు."

"ఎప్పుడో నొక్కాన్రా బాబూ, తిరుగుతోంది!"

చెయ్యి ఈమధ్యే చెడిందని ఇన్నాళ్లూ అనుకుంది ఆమె. అప్పుడే డాక్టరుకు చూపించి ఉంటే? ఆ ఆలోచన దగ్గర ఆగలేక, గిటారు తీసుకెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంది. లావు తీగ బిరడా తిప్పింది. కిందికి జారుతున్న తీగను విని ఆయన ముఖం పాలిపోయింది.

"ఇంకా దించు," అన్నాడు. "ఇంకొంచెం. ఆఁ, అక్కడ."

మీటింది. గిటారులో లేని స్వరం గదంతా నిండింది. గెలిచినట్టు అనిపించలేదు ఆమెకు.

"ఇంకేం దాచారు?"

"చెబుతాను. ముందు వాయించు. టేపు కోసిన కత్తెర చప్పుడు విన్నాలే, తెగినచోట నేను పాడతా."

తడబడుతూ మొదలుపెట్టింది. తెగిన చోటు రాగానే చేతులాపి, తల దించుకుని ఎదురుచూసింది. కాస్త ఆలస్యంగా, బొంగురుగా, ఆయన గొంతు వచ్చింది.