నిచ్చెన మోసే కుక్క మార్కు

కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదలేమని సామెత. మంచిదే. కాని ఆ తోకను వదిలిపెట్టి, పద్ధతిగా నావలో గోదావరి దాటినవాడి గతి ఏమవుతుందో మన పెద్దలు ఎక్కడా చెప్పలేదు. ఆ లోటు తీర్చే అర్హత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు రెండింటిలో నాకొక్కడికే ఉంది. నిండు అంగడిలో, పట్టపగలు, ఎవరూ కొట్టకముందే, ఎవరూ గట్టిగా అడగకముందే, నా నోటితో నేనే నేరం ఒప్పుకొన్న ఉదంతం ఇది. జరిగింది జరిగినట్లు రాసిపెట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. కోపాన్ని కూడా అలాగే భద్రపరిచాను. ఇప్పటికీ చెడిపోలేదు.

ఆంధ్రప్రదేశ్ కొత్తగా ఏర్పడిన రోజులు. హైదరాబాదులో చిత్రకళ నేర్చుకొని వచ్చి, కరీంనగర్‌లో కమాన్ దగ్గర ఒక మేడగది అద్దెకు తీసుకొన్నాను. ఎవరి కిందా కొలువు చేయకుండా బొమ్మలతోనే బతకాలని నా నిశ్చయం. విత్తనాల దుకాణానికి వంకాయ, బడికి గుండెకాయ పటం, పెండ్లి పత్రికకు పూర్ణకుంభం: ఇవీ నాకు దొరికిన మహాకార్యాలు. ఒకసారి వంకాయ బడికీ, గుండెకాయ విత్తనాల దుకాణానికీ చేరాయి. రెండు చోట్ల నుంచీ ఎవరూ తిప్పి పంపలేదు. కళను ప్రజలు ఎంత శ్రద్ధగా చూస్తారో నాకు అప్పుడే తెలియవలసింది.

ఇంటి యజమానురాలు వారానికొకసారి విచారణ జరిపేది.

“ఏం నౌకరి జేస్తున్నవు కొడుకా?”

“బొమ్మలు గీస్తున్న అవ్వా.”

“గది సరే. నౌకరి ఏంది?”

మా బాపు తాలూకా కచేరిలో గుమస్తా. ఆయన అడగడం మానేసి నేరుగా గడువే పెట్టాడు. “దసరా దాక జూస్త. అప్పటికి నీ బొమ్మలకు పక్కా గిరాకి ఒక్కటన్న దొరికితే నీ ఇష్టం. లేకుంటే కచేరిల నకళ్లు రాసెతందుకు కూసో. పెద్ద సారుకు చెప్పి ఉంచిన.”

నకళ్లు రాయడమా? పాఠకులే చెప్పండి, గుండెకాయను గీసిన చేత్తో భూముల పహాణీలకు నకళ్లు రాయగలమా?

సరిగ్గా అప్పుడు బీడీల కార్ఖానా రాజలింగం సేటు నా మెట్లెక్కి వచ్చాడు. ఆయనది ‘దుప్పి మార్కు’. బీడీ కట్టకు చుట్టే గులాబీరంగు లేబులు అచ్చు అరిగిపోయింది.

“గిదే బొమ్మ మళ్ల గియ్యి,” అన్నాడు. “పని కుదిరితే బోర్డులు, గోడలు, క్యాలెండర్లు అన్ని నీకే. పక్కా గిరాకి అనుకో.”

లేబులు అందుకొని చూశాను. అందులో దుప్పి లేదు. ఒక ఊరకుక్క ఉంది. తోక పైకి చుట్టుకొని ఉంది. నాలుక బయటికి వేలాడుతోంది. కొమ్ములు ఉండవలసిన చోట ఒక నిచ్చెన నిలబడి ఉంది. తా దూర కంత లేదు గాని తలకో నిచ్చెన అన్నట్లుంది వ్యవహారం.

“సేటూ, ఇది ఎవలు గీసిండ్రు?”

“మా బామ్మర్ది మల్లేశం. వాడు దుప్పిని జూడలే. కని ఇంట్ల కుక్క ఉండె.”

ఆ మల్లేశమే అంగళ్లలో బీడీలు అమ్మేవాడు. కందకు లేని దురద కత్తిపీటకు అన్నట్లు, కుక్కకు లేని పరువు బాధ నాకు పట్టుకుంది. జన్నారం అడవికి వెళ్లాను. రోజుల తరబడి చెట్టుకొమ్మ మీద కూర్చొని దుప్పుల చెవులు, గిట్టలు, కొమ్ముల కొసలు వేరువేరుగా గీసుకొన్నాను. ఎర్రచీమలు నన్ను వేరువేరుగా కుట్టాయి. చివరికి వంచిన మెడతో, తడి కన్నుతో, వీపు నిండా చుక్కలతో ఒక దుప్పిని గీసి తెచ్చాను. ఇంకొంచెంసేపు చూస్తే కాగితం మీదనుంచి దూకి పారిపోయేది.

సేటు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. “మంచిగున్నది. కని గిది మన దుప్పేనా?”

“దుప్పి ఇదే సేటూ. పాతది కుక్క.”

మల్లేశం మూలన నిలబడి వింటున్నాడు. “కుక్కయితే ఏమాయె,” అన్నాడు మెల్లగా, “కరిసిందా ఎవల్నన్న?”

ఆ ప్రశ్నలోని జ్ఞానం అప్పుడు నా తలకెక్కలేదు. ప్రజల అభిరుచిని మనమే పెంచాలని సేటుకు సుదీర్ఘంగా ఉపన్యసించాను. నన్ను ఆపడానికి వేరే దారి దొరకక కాబోలు, ఆయన ఏడాదికి సరిపడా లేబుళ్లు అచ్చు వేయించాడు.

కొత్త కట్టలు మొదటిసారి గోదావరి అవతలి ఊరి అంగడికి వెళ్తున్నాయని తెలిసి నేనూ నావ ఎక్కాను. జనం ముఖాల్లో వికాసాన్ని స్వయంగా చూడాలని నా కోరిక. మల్లేశం చాప పరిచి కట్టలు పేర్చాడు. ఎర్ర రుమాలు చుట్టుకొన్న ఒక ముసలాయన కట్ట తీసి, వాసన చూసి, బొమ్మ చూసి, కింద పెట్టాడు.

“మల్లేశం, గిది మీది గాదు.”

“మాదే తాతా.”

“కుక్క ఏది మరి?”

నేను కలగజేసుకొన్నాను. “అది కుక్క కాదు తాతా, దుప్పి. ఇన్నాళ్లు తప్పుగ ఉండె. ఇప్పుడు సరిజేసినం.”

“దుప్పి గిట్లనే ఉంటది, నాకెర్కనే. దినాం మా చేన్ల పడి మేస్తయి. చేను మేసేదాన్ని పైసలిచ్చి కొనుక్కపొమ్మంటవా?”

పక్కనున్న ఆమె కట్టను విసిరేసింది. “మా ఇంటాయన నిచ్చెన మోసే కుక్కను తెమ్మన్నడు. గిది తీస్కపోతె నన్ను ఇంట్లకు రానియ్యడు.”

“దొంగ మాల్ ఇది,” అన్నారెవరో. నిమిషంలో గుంపు పోగైంది. మల్లేశం అప్పటికే చాప చుట్టడం మొదలుపెట్టాడు.

“ఎవడు గీసిండు గీ దొంగ బొమ్మ?”

పాఠకులారా, బుద్ధిమంతుడు నోరు మూసుకోవలసిన క్షణం ఒకటి ఉంటుంది. నాకు ఆ క్షణంలోనే కళాభిమానం పొంగింది. ఛాతీ విరిచి ముందుకు వచ్చాను.

“నేను గీసిన. అడవిల కూసోని, పానం వెట్టి గీసిన.”

గుంపు నా చుట్టూ దగ్గరికి జరిగింది.

“ఒప్పుకున్నడు,” అన్నాడు ముసలాయన, జాలిగా.

మల్లేశాన్నీ నన్నూ పోలీసు పటేలు అరుగు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన వేళ్ల మధ్య కాలుతున్నది మా సేటు బీడీయే. మల్లేశం తానే అసలు బొమ్మ గీసినవాణ్నని చెప్పుకొన్నాడు. పటేలు మా ఇద్దరికీ చెరో బొగ్గుముక్క ఇప్పించాడు.

“ఇద్దరు గియ్యుండ్రి. ఎవలు అసలో తేలుతది.”

మల్లేశం అరుగు బండ మీద గీశాడు. తోక చుట్టుకుంది, నాలుక వేలాడింది, నిచ్చెన లేచింది. “గదీ మన కుక్క,” అని జనం తప్పిపోయిన బిడ్డ దొరికినట్లు సంతోషించారు. నేనూ కుక్కనే గీయబోయాను. ప్రమాణం చేసి చెబుతున్నాను, నిజాయితీగా ప్రయత్నించాను. కాళ్లు వాటంతటవే సన్నబడ్డాయి. మెడ వంగింది. కన్ను తడిసింది. నా చేతికి నేర్పిన విద్య నన్ను నిలువునా పట్టిచ్చింది.

“జూసిండ్రా,” అన్నాడు పటేలు. “దొంగకు అసలుది రాదు.”

అన్నిటికంటె నన్ను కాల్చింది మల్లేశం దయ. “ఇడిసిపెట్టుండ్రి పటేలా,” అని బతిమాలాడు. “చిన్నోడు. జర బొమ్మల పిచ్చి, గంతే.”

తిరిగి వచ్చేసరికి వార్త మాకంటె ముందే కరీంనగర్ చేరింది. సేటు లేబుళ్ల గుట్ట ముందు కూర్చొని ఉన్నాడు.

“నేనేం జెప్పిన నీకు?”

“పాత బొమ్మనే గియ్యమన్నరు.”

“నువ్వేం గీసినవు?”

“దుప్పిని.”

“ఎవలడిగిండ్రు?”

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే నేను ముసలివాణ్నయ్యాను.

అయితే కథ అక్కడ ముగియలేదు. దుప్పి మార్కుకు నకిలీలు వచ్చాయని పుకారు పాకింది. అసలు కట్టలను కూడా జనం అనుమానంగా చూడసాగారు. పదిరోజులకు సేటు మళ్లీ నన్ను పిలిపించాడు. పక్కన మల్లేశం కూర్చొని ఉన్నాడు.

“ఊరూర గోడల మీద ఎయ్యాలె. పక్కపక్కనే రెండు బొమ్మలు. కుక్క కింద ‘అసలు’ అని, నీ దుప్పి కింద ‘నకిలీ’ అని. మీద పెద్దక్షరాలతోని ‘చూసి మోసపోకండి’ అని.”

“కుక్క నాతోని కాదు సేటూ.”

“కుక్కను మల్లేశం గీస్తడు. నువ్వు నకిలీది గియ్యి. నీకు మంచిగొస్తది.”

సుల్తానాబాద్ నుంచి గోదావరి ఒడ్డు దాకా, అవతల అడవి అంచుదాకా, గోడ గోడకూ నా దుప్పిని గీసి, దాని కాళ్ల కింద ‘నకిలీ’ అని నా చేత్తోనే రాశాను. మల్లేశాన్ని ఊళ్లవాళ్లు ‘ఆర్టిస్టు సాబ్’ అని పిలిచి చాయ తాగించేవారు. నా బొమ్మ ముందు ఆగి, “దొంగనాకొడుకులు, ఎంత ముద్దుగ గీసిండ్రు,” అనేవారు. నా జీవితంలో నా కళకు దొరికిన పూర్తి ప్రశంస అదొక్కటే.

కచేరి ఎదురుగోడ మీది బొమ్మను బాపు చాలాసేపు చూశాడు.

“సేటు ఇంకెన్ని గోడలిచ్చిండు?”

“రెండు జిల్లాలు.”

“పక్కా గిరాకే,” అన్నాడు. “ఇగ కచేరికి రాకు. నిన్ను నువ్వు తిట్టుకునెతందుకు జీతమిచ్చే నౌకరి సర్కారు గూడ ఇయ్యదు.”

అలా నేను చిత్రకారుడిగా స్థిరపడ్డాను. కుక్కతోక వంకర పోదంటారు. దాన్ని తిన్నగా గీసినందుకు శిక్ష అనుభవించినవాణ్ని కనుక, నిండు స్పృహతో, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇకమీదట గిరాకి ఎవరైనా అయిదు కాళ్ల గుర్రాన్ని తెచ్చి గీయమంటే, మారు మాట్లాడను. అయిదో కాలికి ఏ రంగు వేయాలని మాత్రం వినయంగా అడుగుతాను.