మేజోళ్లతో వేసిన అడుగులు

మావాడికి నడక నేర్పింది నేనే. ఎనభైల్లో, దుబాయ్‌లో నైఫ్ అనే పేటలో మా అద్దె గదిలో, ఒక్క సాయంత్రంలో, చూపుడువేలు అందించి నడిపించేశాను. వాడిప్పుడు బట్టతలాయన. ఇన్నేళ్లూ వాడికీ ఇలాగే చెప్పాను, నమ్మాడు. కొంచెం పెంచి చెప్పాన్లెండి. నా వేలు వాడసలు పట్టుకోనేలేదు.

మా కింది అంతస్తులో ఒక చైనా పెద్దాయన సూదుల వైద్యం చేసేవాడు. ఏడాదిన్నర నిండినా పిల్లాడు గోడ వదలడం లేదని మా ఆవిడ వాణ్ని ఎత్తుకెళ్లి చూపించింది. వెనకాలే నేనూ వెళ్లాను. ఆయన వాడి చూపుడువేలి మీద నరం చూసి, బజారు హిందీలో తేల్చేశాడు.

"నడక కాళ్లలో లేదు బేటీ, కిడ్నీల్లో ఉంది. ఎముకకు బలం అక్కణ్నించే. తొందరపెట్టొద్దు. పాదాలకు చలి తగలనివ్వొద్దు."

"అయితే వీడు కిడ్నీల మీద నడుస్తాడా?" అన్నాను. నవ్వింది నేనొక్కణ్నే.

ఆ రోజునుంచీ ఇంట్లో ఆయన మాటే మాట. ఏసీ ఖలాస్. చన్నీళ్లు ఖలాస్. వేడి జావ, ఉన్ని మేజోళ్లు. రోజూ సాయంత్రం ఆయన పైకొచ్చి, పిల్లాడి వీపు చర్మాన్ని వేళ్లతో మెల్లగా మడుస్తూ నడుం దగ్గర్నుంచి మెడదాకా వెళ్లేవాడు. వాడు కిలకిలా నవ్వేవాడు. నేను ముట్టుకుంటే ఏడుపు! "మీ చేతులు గరుకండీ" అనేది మా ఆవిడ. ఆయనకేమో అప్పుడే కాచిన అల్లం టీ, నాకు ఫ్లాస్కులో మిగిలింది.

ఓ రోజు నా కళ్లముందే వాడు గోడ వదిలేసి, తప్పటడుగులు వేసుకుంటూ వెళ్లి ఆయన మోకాళ్లు పట్టుకున్నాడు. మా వైపు పిల్లలు తొలి అడుగులేస్తే అరిసెలు పరిచి వాటిమీద నడిపిస్తారు.

"రేపే అరిసెలు వండుతాను" అంది మా ఆవిడ, కళ్లు తుడుచుకుంటూ.

"మేజోళ్లతో వేసినవి అడుగులా? చెల్లవు!"

వాడి మేజోళ్లు లాగేసి, చల్లటి గచ్చుమీద నిలబెట్టి, దూరంగా కూర్చుని "రారా నాన్నా" అన్నాను. వాడు చతికిలబడి, ఆయన వైపు చేతులు చాచి ఏడుపు లంకించుకున్నాడు.

మర్నాడు అరిసెలమీద వాణ్ని చెయ్యిపట్టి నడిపించాల్సింది తండ్రిగా నేను. పెద్దమనసు చేసుకుని ఆ చెయ్యి ఆయనకే అప్పగించాను.

నేను రాసింది ఇక్కడిదాకా చదివి మా ఆవిడ కళ్లజోడు తీసింది.

"పెద్దమనసా? మీరు మెట్లమీద అలిగి కూర్చున్నారు. ఆయన్ని చెయ్యి పట్టమంటే, తండ్రి రానీ, ఆగుదాం అన్నాడు. పిలిస్తే పలికారా? అరిసెలు గట్టిపడిపోయాయి. చివరికి నేనే నడిపించుకున్నాను."