గుమ్మంలో నిలబడి అడిగే పెద్దాయన

మేనేజరుగారు పోయారు. పోయిన గురువారం నేను జాకెట్టుకు చేతులు కుడుతుంటే మా ఆయన వచ్చి చెప్పులైనా విప్పకుండా ఆ మాట చెప్పాడు. "గుండెనొప్పంట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయిందంట" అన్నాడు. నేను మిషను ఆపేశాను. ముందు ఏడుపు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. ఆయన మీద నాకొక కోపం ఉంది. అది తీరకుండానే వెళ్లిపోయారు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. అద్దంకిలో మా ఆయన పనిచేసే లారీ ఆఫీసులో మేనేజరు. ఏ లోడు ఏ బండికి, ఏ బండికి ఏ డ్రైవరు అన్నది ఒకప్పుడు ఆయనే చూసేవారు. ఆయన చర్చిలో సంఘ పెద్ద, మేం ముస్లింలం. రంజాన్ నెలలో మా ఆయనకు మధ్యాహ్నం పూట బండి ఇచ్చేవారు కాదు. "ఉపవాసం ఉన్నోణ్ణి ఎండలో స్టీరింగు ముందు కూర్చోబెడితే ఆ పాపం నాకు" అనేవారు.

మీ ఇళ్లలో లారీ డ్రైవర్లుంటే మీకు చెప్పక్కర్లేదు. పత్తి రోజుల్లో, మిర్చి రోజుల్లో వాళ్లకు కన్ను మూసే తీరిక ఉండదు. గుంటూరులో లోడు దించి వచ్చేసరికి ఇక్కడ తాళ్లు బిగించిన ఇంకో బండి సిద్ధంగా ఉంటుంది. ఎక్కువ ట్రిప్పులు తిరిగినవాడే మొనగాడు. అలాంటి చోట ఈయన ఒక అలవాటు పెట్టుకున్నారు. సాయంత్రం మోపెడ్ వేసుకుని మా వీధికి వచ్చి, డ్రైవర్లను కాదు, వాళ్ల భార్యలను అడిగేవారు. లోపలికి రమ్మన్నా వచ్చేవారు కాదు. గుమ్మంలోనే నిలబడి "అమ్మాయ్, మీ ఆయన పడుకున్నాడా?" అనేవారు. పడుకున్నాడంటే బండి తాళం ఇచ్చేవారు. లేదంటే ఆ ట్రిప్పు ఇంకొకరికి పోయేది.

"వాణ్ణి అడిగితే ఏం చెప్తాడమ్మా! మొహాన నీళ్లు కొట్టుకుని వచ్చి పడుకున్నాననే అంటాడు. పక్క పరిచినోళ్లని అడగాలి" అనేవారు.

డ్రైవర్లు ఆయనకు నిద్ర మేనేజరు అని పేరు పెట్టారు. ఆయన అది తెలిసీ నవ్వి ఊరుకునేవారు. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేసేదాన్ని. ఒకసారి "ఎక్కడండీ, పొద్దస్తమానం టీవీలో క్రికెట్టే" అన్నాను. ట్రిప్పు పోయింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదే!" అని మా ఆయన ఎగిరాడు. "నానకపోతే మానె, నువ్వు ఇంటికి రా చాలు" అన్నాను. రెండు రోజులు మాటల్లేవు.

పత్తి లోడు లారీ బాడీ దాటి రెండు పక్కలా ఉబ్బిపోతే, వెనక ఎర్ర లైట్లు కనపడుతున్నాయో లేదో వంగి చూసి తన జేబురుమాలుతోనే తుడిచేవారు. మిర్చి రోజుల్లో రైతులతో తగాదా. తారురోడ్డు మీద కాయలు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు కదా. "కాయలు ఇంటికి తీసుకెళ్లావు, రాళ్లెవరికోసం వదిలావయ్యా?" అని మోపెడ్ ఆపి అరిచేవారు. వాళ్లు కదలకపోతే తానే ఆ రాళ్లు పక్కకు దొర్లించేవారు.

ఇక అసలు సంగతి చెబుతాను. మా పక్కింటాయన కూడా అదే ఆఫీసులో డ్రైవరు. రెండిళ్లకూ గోడ ఒకటే. అతని భార్యను నేను చెల్లీ అని పిలుస్తాను. కొన్నేళ్ల కిందట పత్తి సీజన్లో ఒక సాయంత్రం మేనేజరుగారు వాళ్ల గుమ్మంలో నిలబడి ఎప్పటిలాగే అడిగారు. నేను గోడకు ఇవతల ఆరిన బట్టలు తీస్తున్నాను. "పడుకున్నాడండీ, ఇప్పుడే లేచాడు" అని చెల్లి చెప్పడం విన్నాను. నిజమే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. చిలకలూరిపేట చేరకముందే, రోడ్డు పక్కన ఆగి ఉన్న లారీని వెనకనుంచి గుద్దేశాడట. బ్రేకు వేసిన గుర్తే లేదన్నారు.

శవం ఇంటికి వచ్చినప్పుడు ఒక డ్రైవరు మేనేజరుగారి చొక్కా పట్టుకున్నాడు. "ఊరందర్నీ అడుగుతావే, వీడింట్లో ఎందుకు అడగలేదయ్యా? పాపకి జొరమని రాత్రీ పగలూ ఆసుపత్రిలో ఉన్నోడికి తాళం ఎట్టా ఇచ్చావు?" అని గుంజాడు. అతను పడుకోలేదని నాకు తెలిసింది అప్పుడే. శవం పక్కన కూర్చున్న చెల్లి తలెత్తింది. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోలేను. మేనేజరుగారు ఆమె వైపు చూడనైనా చూడలేదు. "అడగలేదు. తొందరలో ఇచ్చేశాను. తప్పు నాదే" అన్నారు. నేను నోరు తెరవబోయాను. వద్దన్నట్టు నా వైపు తల ఊపారు.

ఓనరుగారు ఆయన్ని డ్రైవర్ల పని నుంచి తప్పించి గోడౌనుకు పంపారు. ఆయన మా వీధికి రావడం మానేశారు. ఆ ప్రశ్న ఇంకెవరూ అడగలేదు. ఎదురుపడితే డ్రైవర్లు మొహం తిప్పుకునేవారు.

నా కోపం ఇందుకే. ఉండబట్టలేక ఒకరోజు గోడౌనుకు వెళ్లాను. "మీరు అడిగారు, నేను విన్నాను. ఎందుకండీ ఆ అబద్ధం?" అన్నాను.

"నిజం చెప్తే ఆ పిల్లని బతకనిచ్చేవాళ్లా అమ్మాయ్? అత్తగారు ఇంట్లో ఉండనిచ్చేదా? నన్నయితే నాలుగు తిట్టి ఊరుకుంటారు."

"మరి మా మగాళ్ల సంగతేంటి? ఇప్పుడెవరు అడుగుతారండీ వాళ్ల నిద్ర గురించి?"

ఆయన బస్తా మీద దారప్పోగులు ఏరసాగారు. "అదే నన్ను పడుకోనివ్వట్లేదమ్మా" అన్నారు.

నిన్న ఆదివారం చర్చిలో ఆయన్ని తలుచుకోవడానికి ఆదరణ కూడిక పెట్టారు. ఓనరుగారు ముందు వరసలో కూర్చున్నారు. డ్రైవర్లు వచ్చామనిపించుకోవడానికి వెనక నిలబడ్డారు. ఆయన గురించి సాక్ష్యం చెప్పాలనుకున్నవాళ్లు చెప్పవచ్చని పాస్టరుగారు అనగానే చెల్లి లేచింది.

"ఆయన అడిగారు" అంది. "పడుకున్నాడని నేనే చెప్పాను. మా ఆయన చెప్పమన్నాడు, చెప్పాను. ఇన్నేళ్లూ మేనేజరుగారు నా పేరు ఎత్తలేదు. అనేదేదో నన్ను అనండి. ఆయన్ని అనమాకండి."

చొక్కా పట్టుకున్న డ్రైవరు గోడ వైపు తిరిగి ఏడ్చాడు. ఇంటికి వెళ్లేటప్పుడు "ఇదంతా నువ్వు రాయక్కా" అన్నది కూడా చెల్లే. అందుకే రాస్తున్నాను.

కూడిక నడుస్తున్నంతసేపూ చర్చి బయట మిర్చి లోడు లారీ ఎండలో నిలబడి ఉంది. కూడిక అయ్యాక దాన్ని మా ఆయన తీసుకెళ్లాలి. తెల్లవారుజామున గుంటూరు నుంచి దిగి, అటునుంచి అటే చర్చికి వచ్చిన మనిషి. ఓనరుగారు గేటు దగ్గర జేబులోంచి బండి తాళం తీసి చేయి చాచారు. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను పడుకోలేదండీ" అన్నాడు.

ఓనరుగారు పక్కనున్న డ్రైవరు వైపు చేయి తిప్పారు. "నేనూ పడుకోలేదండీ" అన్నాడతను. ఓనరుగారి చేయి ఇంకొకరి వైపు తిరిగింది. ఆ తాళం ఎవరూ అందుకోలేదు.